అరసున్నలు

బెజవాడలో, బందరు కాలువ పక్కన కోర్టులో
ఇరవై రెండేళ్లుగా స్కోరు రాస్తున్నాను.
నా పేరుతో ఎవరికీ పని లేదు. టేబులు అంటారు.
"టేబుల్ని అడుగు", "టేబులు తప్పు రాసింది."
గీత గీస్తే బుట్టలో పడ్డట్టు,
నిండు చుక్క పెడితే ఫ్రీ త్రో,
ఐదో ఫౌలు రాశానా, ఆ పిల్ల ఇక బెంచీ మీదే,
ఏడ్చినా సరే, వాళ్ల నాన్న కార్పొరేటరైనా సరే.

మొన్న రోహిణి కార్తెలో
రెండు వారాల క్యాంపుకని లిథువేనియా నుంచి ఒకాయన దిగాడు.
ఆరడుగుల తొమ్మిదంగుళాలు.
ఆటో ఎక్కితే మోకాళ్లు డ్రైవరు వీపులో.
పేరు గింటౌతాస్. మొదటిరోజు పిల్లల నోట్లో గింట,
మర్నాటికి గంట సారు.
అర్థం చెప్పాను, నొచ్చుకుంటాడేమోనని.
"మా ఊరి చర్చి గంటని యుద్ధంలో కరిగించేశారు" అన్నాడు,
"దాని బదులు నేనుంటాలే."

ఆట అయ్యాక ఐసుముక్కల సంచి
మోకాలికి కట్టుకుని నా బల్ల పక్కనే కూర్చునేవాడు.
కుడి మోకాలి మీద ఒక కోత, ఎడమ దాని మీద రెండు.
వేలితో చూపించేవాడు, రైల్లోంచి ఊళ్లు చూపించినట్టు:
"ఇది కౌనాస్. ఇరవై మూడేళ్లు. గాలిలో కాస్త ఆగగలిగేవాణ్ణి అప్పుడు.
ఇది ఇటలీ, రెండో డివిజను. మూడు నెలల జీతం బాకీ, ఓనరు పరారీ.
ఇది టర్కీ. దీని సంగతి అడక్కు."
అడగలేదు.
వంకరపోయిన ఉంగరం వేలు మాత్రం తనే చూపించాడు.
"ఇందులో ఉంగరం దూరదు. తర్వాత్తర్వాత దాంతో పని కూడా లేకపోయింది."

వాళ్ల నాన్న ట్రాక్టర్ల మెకానిక్కట.
పీపా ఇనపచుట్టు ఊడదీసి కొట్టం తలుపుకి బిగించాడట.
పారతో మంచు తోసుకుని ఆడేవాళ్లట.
చలికి బంతి పైకి లేవదట, నేల మింగేసినట్టు.
"ఇక్కడో! వదిలితే వచ్చి గడ్డానికి కొడుతుంది.
మీ ఎండకి బంతికి కూడా పొగరే"
అంటూ పునుగు అల్లం పచ్చట్లో ముంచి,
కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ ముంచాడు.

జోజి మాస్టారి కూతురు స్టెల్లా,
పదిహేనేళ్లది, ఐదడుగులు దాటలేదు, ఎడమచేతి వాటం,
నోరు ఊరుకోదు:
"కెరీర్ మొత్తం ఎన్ని పాయింట్లు సార్?"
ఆయన జవాబు చెప్పలేదు. నా స్కోరుషీటు లాక్కుని
పైనుంచి కిందికి వెతికాడు.
"తప్పినవి ఎక్కడ?"
తప్పినవి రాయం సార్, రూలు, అన్నాను.
"నేను ఎక్కువ ఆడింది అదే" అన్నాడు.

ఆఖరి సీజను పోలండులో ఏదో చిన్న ఊరట.
లిస్టులో పేరుంటుంది, లేసులు బిగించి కూర్చుంటాడు,
కోచ్ చూపు ఇటు తిరగదు.
ముప్పై నాలుగు మ్యాచుల్లో పద్దెనిమిదింట
పేరు పక్కన గడి ఖాళీ.
చెమట పట్టని జెర్సీని ఉతక్కుండానే మడతపెట్టి
సంచిలో పెట్టుకోవడం ఉందే,
ఆటంతటిలో అది నేర్చుకోడానికే ఎక్కువ కాలం పట్టిందట.

అలాంటి గడులు ఎన్ని వదిలేశానో నేను!
కింద అడ్డగీత గీసి, సంతకం గిలికి,
పాలప్యాకెట్టు దొరుకుతుందో లేదోనని పరిగెత్తానే గాని

ఆఖరిరోజు కరెంటు పోయింది.
పిల్లలంతా వెళ్లారు, స్టెల్లా తప్ప.
నా స్కూటరు స్టాండేసి లైటు రింగు మీదికి తిప్పాను.
గంట సారు గీత దగ్గర నిలబడి
"టేబుల్, రాయి. అన్నీ రాయి" అన్నాడు.

మొదటిది పడింది. చుక్క పెట్టాను.
రెండోది రింగుకి తగిలి కాలువ వైపు దొర్లిపోయింది.
తప్పుకి ఏ గుర్తు పెట్టాలో నాకు తెలీదు.
సున్నా పెడదామంటే, అబద్ధం.
ఇంటూ పెడితే మనిషినే కొట్టేసినట్టుంటుంది.
పెన్ను ఆగిపోయింది కాసేపు.
చిన్నప్పుడు తెలుగు మేష్టారు దిద్దించిన అరసున్న గుర్తొచ్చింది,
ఇప్పుడెవరూ పలకరు,
అక్కడ ఒకప్పుడు ఒక శబ్దం ఉండేదని మాత్రం చెబుతుంది.
అది పెట్టాను.

యాభై వేశాడు ఆ రాత్రి.
చుక్కలు ఇరవై తొమ్మిది, మిగతావి అరసున్నలు.
స్టెల్లా కాలువ గట్టు మీంచి బంతి మోసుకొస్తూనే ఉంది,
దోమల్ని తిట్టుకుంటూ.